సెకండ్ హ్యాండ్ బోటు ట్రైలర్‌ని దూరం లాక్కెళ్లే ముందు ఏం చూసుకోవాలి?

"పెయింట్ కొత్తగా ఉంది, టైర్లలో గాలి నిండుగా ఉంది, ఇంకేమైనా చూడాలా" అని అడిగారు. పెయింట్ సంగతి వదిలేయండి సార్, చక్రాలు విప్పించి బేరింగులు చూడండి. నన్నడిగితే ట్రైలర్ అంటే బేరింగులే, మిగతాదంతా ఉత్త ఇనుము.

మా ఫ్రెండ్ ఒకడు ఇలాగే బోటుతో పాటు వచ్చిన ట్రైలర్‌ని కారుకి తగిలించి బయల్దేరాడు, పక్క సీట్లో నేను. హైవే ఎక్కిన కాసేపటికి వెనక నుంచి గుర్రుమని సన్నగా సౌండ్, వాడేమో రోడ్డు బాలేదురా అంటాడు, చూస్తే ఒక్క గతుకు లేదు. మిర్రర్‌లో చూస్తే నా వైపు చక్రం దగ్గర పొగ. ఆపి దిగి హబ్ (చక్రం మధ్యలో బేరింగులుండే భాగం) దగ్గర చెయ్యి పెట్టబోతే ముట్టుకోకముందే సెగ కొట్టింది. రిమ్ము లోపలంతా గ్రీజు చిమ్మి ఉంది. చల్లారాక క్యాప్ ఊడదీస్తే లోపలి గ్రీజు పాలు ఎక్కువైన కాఫీ రంగులో ఉంది, అంటే ఎప్పటినుంచో నీళ్లు కలిసిపోయి ఉన్నాయన్నమాట. బేరింగుల్లోని రోలర్లు వేడికి నీలంగా మారిపోయాయి. ఇంకాస్త దూరం పోయుంటే ఆ చక్రం మమ్మల్నే ఓవర్‌టేక్ చేసేది. పైన పెయింట్ మాత్రం ధగధగా మెరిసిపోతోంది!

ఎందుకలా అవుతుందంటే, దూరం తిరిగి హబ్ వేడెక్కి ఉంటుంది, దాన్ని అలాగే తీసుకెళ్లి చల్లటి నీళ్లలో దించేస్తాం, లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుపోయి అరిగిన సీల్ (గ్రీజు బయటికి, నీళ్లు లోపలికి పోకుండా హబ్ వెనక ఉండే రింగు) సందులోంచి నీళ్లని లోపలికి లాగేస్తుంది. పైగా చక్రాలు చిన్నవి, అదే దూరానికి కారు చక్రం కంటే ఎక్కువ చుట్లు తిరగాలి. అందుకే ఏడాదికోసారి విప్పి, కడిగి, నీళ్లకి తట్టుకునే మెరైన్ గ్రీజు పెట్టి, వెనక ఆయిల్ సీల్ కొత్తది వేయించండి. కొంతమంది గ్రీజు గన్ పట్టుకుని బయటనుంచి నాలుగు పంపులు కొట్టి సర్వీసింగ్ అయిపోయిందంటారు, వాళ్లతో వాదించి లాభం లేదు, ఎక్కువ కొడితే వెనక సీలే బయటికి తన్నుకొస్తుంది. దారిలో ఆగిన ప్రతిసారీ హబ్‌ల దగ్గర చెయ్యి పెట్టి చూడండి, ఒకటి మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే ఇక ముందుకెళ్లకండి.

టైర్లకి గాలి కంటే వయసు ముఖ్యం. పక్కన నాలుగంకెలుంటాయి, 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. ట్రైలర్ ఎక్కువ రోజులు కదలకుండా ఎండలో పడుంటుంది కదా, గీతలు అరక్కుండానే రబ్బరు పగుళ్లిచ్చేస్తుంది, ఐదారేళ్లు దాటితే మార్చేయండి. స్టెప్నీ ఉందని మురిసిపోకండి, మీ కారు జాకీ, స్పానర్ ట్రైలర్‌కి పడతాయో లేదో ఇంటి దగ్గరే చూసుకోండి.

హిచ్ (కారు వెనక ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద పడే బరువు, బోటుతో సహా ట్రైలర్ మొత్తం బరువులో 10 శాతానికి తగ్గకుండా, మీ కారుకి రాసిన లిమిట్ దాటకుండా ఉండాలి. సామానంతా బోటు వెనకభాగంలో కుక్కితే ముందు తేలికైపోయి స్పీడులో ట్రైలర్ అటూ ఇటూ ఊగుతుంది. సేఫ్టీ చైన్లు రెండూ కప్లర్ (హిచ్‌కి తగులుకునే ట్రైలర్ ముక్కు) కింద క్రాస్‌గా తగిలించండి, కప్లర్ ఊడినా ముక్కు రోడ్డుకి గుచ్చుకోకుండా వాటి మీద ఆగుతుంది. లైట్లు పిచ్చిపిచ్చిగా వెలుగుతుంటే బల్బులు మార్చేముందు ఎర్త్ వైరు చూడండి, చాలాసార్లు అక్కడే తుప్పు.

ఇంకోటి, నీళ్ల దగ్గరికి చేరగానే బోటుని దించే ర్యాంప్ మీదికి వెళ్లిపోకండి. పక్కన ఆపి హబ్‌లు చల్లారనివ్వండి, ఈలోగా లైట్ల ప్లగ్ పీకండి, వెనక స్ట్రాపులు విప్పండి, బోటులోంచి నీళ్లు పోయే కంతకి డ్రెయిన్ ప్లగ్ బిగించండి, సామాను సర్దండి. బోటు ముక్కుని ట్రైలర్‌కి పట్టి ఉంచే ముందు వించ్ స్ట్రాప్ మాత్రం నీళ్లలోకి దిగేదాకా ముట్టుకోవద్దు. కొందరు మహానుభావులు ర్యాంప్ మధ్యలో ట్రైలర్ పెట్టేసి, అప్పుడు తీరిగ్గా లైఫ్ జాకెట్లు వెతుక్కుంటూ ఉంటారు, వెనక లైన్లో ఉన్నవాళ్లు ఏం పాపం చేశారో!