ఎఫ్30 గన్: పిన్ను పూర్తిగా దిగడం లేదు, ట్రిగ్గర్ దగ్గర గాలి కారుతోంది. ఏ ఆయిల్, ఎంత, ఎక్కడ వేయాలి?

మీ ప్రశ్న ఇదీ: కొండాపూర్‌లో ఇంటీరియర్ పని, ఎఫ్30 గన్ (గాలి ఒత్తిడితో చెక్కలోకి పిన్నులు కొట్టేది) కొని ఎనిమిది నెలలైంది, పిన్ను తల ప్లైవుడ్ మీద తేలుతోంది, కంప్రెసర్ ప్రెషర్ 110 పీఎస్‌ఐ పెడితే కాస్త దిగుతోంది, ట్రిగ్గర్ వెనక సన్నగా గాలి కారుతోంది. డబ్ల్యూడీ-40 స్ప్రే కొట్టమని ఒకరు, బండి ఇంజిన్ ఆయిల్ పోయమని ఒకరు చెప్పారు.

ఆ రెండూ వద్దు. ప్రెషర్ కూడా 90 పీఎస్‌ఐకి దించండి. 18 గేజ్ (మందం కొలత) పిన్నుకు ప్లైవుడ్‌లో 70 నుంచి 100 చాలు. అంతకు మించి పెడితేనే దిగుతోందంటే గన్ లోపల ఏదో పట్టేస్తోందని అర్థం. ప్రెషర్ పెంచితే అది కనపడకుండా పోతుంది కానీ తగ్గదు. పైగా పిస్టన్ కింద ఉండే రబ్బరు బంపర్ దెబ్బలకు త్వరగా చీలిపోతుంది.

గన్ లోపల గాలిని ఆపేవి నల్లటి రబ్బరు ఓ-రింగులే: పిస్టన్ చుట్టూ ఒకటి, పైన, పిస్టన్ మీదికి గాలి వదిలే హెడ్ వాల్వ్‌కు రెండు మూడు, ట్రిగ్గర్ వాల్వ్‌లో చిన్నవి. అవి ఎండిపోతే సిలిండర్ గోడను పట్టుకుని లాగుతాయి, దెబ్బలో బలం తగ్గుతుంది, కొన్నాళ్లకు అరిగి గాలి వదిలేస్తాయి. మనం వేసే ఆయిల్ అసలు ఈ రింగుల కోసమే. డబ్ల్యూడీ-40లో పల్చటి ద్రావకం ఎక్కువ, లోపలున్న గ్రీజును కడిగేసి అది ఆరిపోతుంది. ఇంజిన్ ఆయిల్ చిక్కన, అందులోని డిటర్జెంట్ రసాయనాలు ఈ గన్‌కు పనికిరావు, జిడ్డు పేరుకుంటుంది. పెట్రోలు, థిన్నర్‌తో కడిగితే రబ్బరు ఉబ్బుతుంది. బ్రేక్ ఆయిల్ కూడా ఆ రబ్బరును పాడుచేస్తుంది. న్యూమాటిక్ టూల్ ఆయిల్ అని అడిగి తీసుకోండి, డబ్బా మీద ఐఎస్‌ఓ వీజీ (ఆయిల్ చిక్కదనం కొలత) 22 లేదా 32 అని ఉండాలి. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో టూల్స్ అమ్మే షాపుల్లో అడగండి. అది దొరక్కపోతే టర్బైన్ ఆయిల్ 32 పెట్టుకోవచ్చు.

వేసే పద్ధతి: ముందు గాలి హోస్ పీకేయండి. గన్‌ను ఎయిర్ ప్లగ్ పైకి వచ్చేలా పట్టుకుని ఆ రంధ్రంలో రెండు మూడు చుక్కలు వేయండి. హోస్ తగిలించి చెత్త ప్లైవుడ్ ముక్క మీద ఐదారు పిన్నులు కొట్టండి. ఖాళీ గన్ పేల్చకండి, ఆ దెబ్బంతా బంపర్ మీదే పడుతుంది. ఎగ్జాస్ట్ (వాడిన గాలి బయటికొచ్చే రంధ్రం) దగ్గర చిమ్మిన ఆయిల్ గుడ్డతో తుడిచాకే అసలు పనికి వెళ్లండి. పొద్దున పని మొదలుపెట్టేముందు ఒకసారి, రోజంతా కొట్టే పనైతే మధ్యాహ్నం భోజనం తర్వాత ఇంకోసారి. వారం పక్కన పెట్టేటట్టయితే రెండు చుక్కలు వేసి పెట్టండి. ఎక్కువ వేస్తే మేలని మాత్రం అనుకోకండి. మిగులు ఆయిల్ వెనీర్ మీద మరక పడుతుంది, పీయూ పాలిష్ కొట్టినప్పుడు అక్కడ గుంటలు గుంటలుగా విడిపోతుంది.

చాలామంది పొరబడేది ఒకటుంది. మీ కంప్రెసర్ ‘ఆయిల్-ఫ్రీ’ అంటే కంప్రెసర్‌కు ఆయిల్ అక్కర్లేదని, గన్‌కు అక్కర్లేదని కాదు. గన్ మాన్యువల్లోనే ఆయిల్ వేయొద్దని రాసి ఉంటే అది వేరే సంగతి, దానిలో వేయకండి. లైన్‌లో ఆయిల్ గిన్నె ఉన్న లూబ్రికేటర్ పెడితే చేత్తో వేసే పని తప్పుతుంది, కానీ ఆ హోస్‌ను స్ప్రే పెయింట్‌కు ఎప్పుడూ వాడకూడదు.

పిన్నులు నింపే మాగజైన్‌లో, అవి జారే దారిలో ఆయిల్ వేయొద్దు. ఎండీఎఫ్ పొడి అంటుకుని పిన్నులు ఇరుక్కుంటాయి. అక్కడ పొడిగుడ్డ, పాత టూత్‌బ్రష్ చాలు.

ఇక నీళ్లు. గాలిని 7 బార్‌కు (సుమారు 100 పీఎస్‌ఐ) నొక్కినప్పుడు వేడెక్కుతుంది, ట్యాంకులో చల్లారగానే దానిలోని తేమ నీరై అడుగున చేరుతుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మన దగ్గర ఇది బాగా ఎక్కువ. ఆ నీరు గన్‌లోకి వస్తే మీరు వేసిన ఆయిల్‌ను కడిగేస్తుంది, పిస్టన్‌కు ఉండి పిన్నును కొట్టే డ్రైవర్ బ్లేడుకు తుప్పు పట్టిస్తుంది. రోజూ సాయంత్రం కొద్దిగా ప్రెషర్ ఉంచి ట్యాంకు కింది డ్రెయిన్ వాల్వ్ తిప్పండి, నీరంతా పోయి ఉత్త గాలి వచ్చేదాకా ఉంచండి. కంప్రెసర్ దగ్గర వాటర్ ఫిల్టర్ ఒకటి పెడితే ఇంకా మంచిది.

గాలి ఎక్కడ కారుతోందో చూస్తే తప్పెక్కడో తెలుస్తుంది. ట్రిగ్గర్ దగ్గరైతే ట్రిగ్గర్ వాల్వ్ రింగులు. పైన ఎగ్జాస్ట్ నుంచైతే హెడ్ వాల్వ్ రింగు. ముక్కు నుంచైతే బంపర్ చీలి ఉండాలి, లేదా కింది బోల్టులు వదులై ఉండాలి. ట్రిగ్గర్ దగ్గర దుమ్ము ఇరికినా కారుతుంది కాబట్టి ముందు మూడు చుక్కలు వేసి ఇరవై పిన్నులు కొట్టి చూడండి. ఆగితే రింగు ఎండిందో, దుమ్ము ఇరికిందో, అంతే. ఆగకపోతే ట్రిగ్గర్ వాల్వ్ సెట్టుగా మార్చండి, చిన్న రింగు ఒక్కటే వెతికి మార్చడం వృథా శ్రమ.

పిస్టన్ రింగు చూడాలంటే హోస్ పీకి, మాగజైన్‌లో పిన్నులు తీసేసి, పైమూత అలెన్ బోల్టులు నాలుగూ విప్పండి. మూత కింది స్ప్రింగ్, గ్యాస్కెట్ ఏ వరసలో ఉన్నాయో ఫోన్లో ఫొటో తీసుకోండి. డ్రైవర్‌ను కింది నుంచి నెడితే పిస్టన్ పైకి వస్తుంది. రింగు చదునుగా నలిగినా, పగిలినా మార్చండి. అదే కంపెనీ ఓ-రింగ్ కిట్ అయితే బాధ లేదు. విడిగా కొంటే పాతదాని లోపలి వ్యాసం, మందం వెర్నియర్‌తో కొలుచుకుని వెళ్లండి. సిలిండర్ పొడిగుడ్డతో తుడిచి, కొత్త రింగుకు ఓ-రింగ్ సిలికాన్ గ్రీజు పల్చగా పూసి కూర్చోబెట్టండి. బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి, ఒక పక్కే బిగిస్తే మూత కింద కారుతుంది.

పిస్టన్ బయట ఉండగానే డ్రైవర్ కొన కూడా చూడండి. అంచు గుండ్రంగా అరిగితే పిన్ను తల మీద నుంచి జారి దెబ్బ పక్కకు పోతుంది. ఒకసారి చదునుగా గ్రైండ్ చేసుకోవచ్చు, కానీ పొడవు తగ్గినకొద్దీ పిన్ను ఆ మేర తేలుతుంది. రింగు కొత్తదై, 90 పీఎస్‌ఐ ఉండి, అయినా రెండు మిల్లీమీటర్లు తేలుతుంటే డ్రైవర్ మార్చండి.