వేలిముద్రలు చూసి ఇంటర్ గ్రూపు చెప్పారు, నమ్మాలా?

ప్రశ్న: మా బాబు పదో తరగతి. ఈమధ్య వాళ్ళ స్కూలుకి ఎవరో వచ్చి పది వేళ్ళ ముద్రలు తీసుకుని డీఎంఐటీ అనే టెస్టు చేశారు. ఆరు వేలు కట్టాం. నలభై పేజీల రిపోర్టు ఇచ్చారు. లెక్కల తెలివి 8 శాతమేనట, మాట్లాడే నేర్పు ఎక్కువట. ఎంపీసీ వద్దు, సీఈసీలో వేయమన్నారు. వాడికి చిన్నప్పటి నుంచి లెక్కలంటే ఇష్టం. రిపోర్టు చూశాక "నా వేళ్ళలోనే లెక్కలు లేవంట కదమ్మా" అంటూ ఆ పుస్తకం ముట్టుకోవడం లేదు. హాఫ్ ఇయర్లీలో లెక్కల్లో నూటికి 58 వచ్చాయి. తొమ్మిదిలో 74. మావారు రిపోర్టు ప్రకారమే చేద్దామంటున్నారు. మా ఆడపడుచు కూతురికీ అదే రోజు ఇదే టెస్టు చేయించాం. ఏం చేయమంటారు?
— ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, ముందు బాబు అన్న మాట గురించి మాట్లాడుకుందాం. గ్రూపు సంగతి చూసుకోవడానికి ఇంకా నెలలున్నాయి. ఆ మాట మాత్రం ఈ రోజే వాడి మనసులోంచి పోవాలి. వేళ్ళలో లెక్కలుండవు. ఎవరి వేళ్ళలోనూ ఉండవు.

వేలిముద్రలు తల్లి కడుపులో ఉండగానే ఏర్పడతాయి. ఆ తర్వాత జీవితాంతం మారవు. అందుకే మనిషిని గుర్తుపట్టడానికి అంత బాగా పనికొస్తాయి. మన దేశంలోనే, 1858లో బెంగాల్లో విలియం హెర్షెల్ అనే అధికారి ఒప్పంద పత్రం మీద చేతిముద్ర వేయించుకున్నాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టారు. ఈ రోజు మన ఆధార్ దాకా అదే దారి. కానీ ఎవరో గుర్తుపట్టడం వేరు, వాళ్ళకి ఏం చేతనవుతుందో చెప్పడం వేరు. ఈ రెండో పని వేలిముద్రలతో అవుతుందేమోనని ఎప్పుడో వెతికి చూశారు. వేలిముద్రల శాస్త్రానికి పునాది వేసినవారిలో ఒకరైన ఫ్రాన్సిస్ గాల్టన్ విద్యార్థుల ముద్రలు, పొలం కూలీల ముద్రలు, బుద్ధిమాంద్యం ఉన్నవారి ముద్రలు సేకరించి పక్కపక్కన పెట్టి పోల్చాడు. తేడా దొరుకుతుందని ఆశపడిన మనిషే. దొరకలేదు. ఆ సంగతి 1892లో తన పుస్తకంలోనే రాశాడు. మన భారతీయ మానసిక వైద్యుల సంఘం కూడా డీఎంఐటీకి శాస్త్రీయ ఆధారం లేదని చెప్పింది.

మరి ఆ 8 శాతం ఎక్కడిది? ఇలాంటి రిపోర్టుల్లో సాధారణంగా ఎనిమిది రకాల తెలివితేటలకు మొత్తం నూరు శాతం పంచుతారు. అంటే ఒక్కోదానికి సగటున వచ్చేది 12.5. పంచేటప్పుడు ఒకదానికి ఎక్కువ వేస్తే ఇంకోదానికి తగ్గాల్సిందే. నూటికి 8 మార్కులు వచ్చాయన్నంత భయం పుట్టించే ఈ అంకె, కేవలం ఒక వాటా. ఎనిమిది రకాల మాట కూడా, 1983లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త హోవార్డ్ గార్డ్‌నర్ ఏడు రకాలతో మొదలుపెట్టి, తర్వాత ఎనిమిదోది చేర్చిన బహుళ ప్రజ్ఞల సిద్ధాంతం నుంచి తెచ్చుకున్నదే. అందులో వేలిముద్రల ఊసే లేదు.

అయినా చదివితే మన పిల్లాడి గురించే రాసినట్టు ఉంటుంది. మీవారు నమ్మడంలో తప్పు లేదమ్మా, చదువుకున్నవాళ్ళు కూడా నమ్ముతారు. 1948లో అమెరికాలో బెర్ట్రామ్ ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్ర అధ్యాపకుడు తన క్లాసులో 39 మందికి ఒక పరీక్ష పెట్టారు. వారం తర్వాత ఎవరి ఫలితం వాళ్ళ చేతికిచ్చి, ఎంత సరిగ్గా ఉందో అయిదుకి మార్కులు వేయమన్నారు. సగటున 4.3 దాకా వేశారు. తీరా చూస్తే అందరికీ ఇచ్చిన కాగితం ఒకటే! వాక్యాలు కూడా జాతకాల పుస్తకంలోంచి తీసుకున్నవి. "మీలో బయటపడని శక్తి చాలా ఉంది" లాంటి మాటలు ఎవరికి సరిపోవు చెప్పండి.

ఇది మీ ఇంట్లోనే చేసి చూడొచ్చు. మీ ఆడపడుచు కూతురి రిపోర్టు, బాబు రిపోర్టు తీసుకోండి. పేర్లు, ఫొటోలు, ఆడా మగా తెలిసే మాటలు కొట్టేసి జిరాక్స్ తీయండి. స్వభావం గురించి రాసిన పేజీలు మాత్రం పక్కపక్కన పెట్టి, ఏది ఎవరిదో మీవారిని చెప్పమనండి. పిల్లలిద్దరూ బాగా తెలిసిన ట్యూషన్ మాస్టారినీ అడగండి. ఏ రిపోర్టు ఎవరిదో వాళ్ళు తడబడితే, అది మీ బాబు గురించి రాసింది కాదని మీవారికి నేను చెప్పక్కర్లేదు.

పరీక్ష అన్నాక పిల్లవాడు ఏదో ఒకటి చేయాలి. లెక్క చేయాలి, చదివి అర్థం చెప్పాలి, బొమ్మను తిప్పితే ఎలా ఉంటుందో ఊహించాలి. చేయి చాపి ఊరుకుంటే వాడికి ఏం వచ్చో ఎలా తెలుస్తుంది? సీబీఎస్‌ఈ, ఎన్‌సీఈఆర్‌టీ కలిసి తొమ్మిది, పది తరగతుల పిల్లల కోసం తయారుచేసిన 'తమన్నా' అనే టెస్టు అలాంటిదే. అందులో పాస్, ఫెయిల్ ఉండవు. దాన్ని కూడా సలహాగానే తీసుకోవాలి, తీర్పుగా కాదు.

అంతకంటే మంచి సాక్ష్యం మీ ఇంట్లోనే ఉంది. హాఫ్ ఇయర్లీ లెక్కల జవాబు పత్రం. 74 నుంచి 58కి ఎందుకు పడిందో అదే చెబుతుంది. బాబుని పక్కన కూర్చోబెట్టుకుని, పోయిన ప్రతి మార్కు పక్కన ఎందుకు పోయిందో వాడి చేతే రాయించండి. కూడికలో, గుర్తుల్లో పొరపాటా? ప్రశ్న సరిగ్గా చదవలేదా? టైం చాలలేదా? అసలు పద్ధతే అర్థం కాలేదా? ఈ నాలుగూ నాలుగు వేర్వేరు జబ్బులు. త్రికోణమితిలో ఏ సూత్రం ఎప్పుడు వాడాలో తెలిసి, మైనస్ దగ్గర తప్పిన పిల్లాడికి లెక్కలు రావనడం అన్యాయం. వర్గ సమీకరణాలు మొదటి మెట్టు నుంచే తెలియకపోతే, అది తొమ్మిదో తరగతిలో మిగిలిపోయిన లోటు అయి ఉండొచ్చు, నెల రోజుల్లో పూడ్చుకోవచ్చు. పద్ధతి అర్థమయ్యాక కూడా, శ్రద్ధగా చేస్తూ కూడా, ప్రతి పాఠంలో అదే చోట ఆగిపోతుంటే అప్పుడు ఎంపీసీ గురించి మళ్ళీ ఆలోచించాలి. నేను ఎవరి విషయంలోనైనా మార్కుల కంటే ముందు చూసేది ఇదే.

రిపోర్టు వచ్చాక పుస్తకం ముట్టుకోని రోజులు కూడా లెక్కలోకి తీసుకోండి. చదవనందుకు మార్కులు తగ్గితే, "చూశారా, రిపోర్టు నిజమే" అని ఇంట్లో అనుకునే ప్రమాదం ఉంది.

ఇక గ్రూపు. పబ్లిక్ పరీక్షలయ్యాక సెలవుల్లో ఇంటర్ మొదటి సంవత్సరం పుస్తకాలు ఎవరివైనా అడిగి తెచ్చుకోండి. ఫిజిక్స్‌లో ఒక పాఠం, లెక్కల్లో ఒకటి, కామర్స్‌లో ఒకటి, ఎకనామిక్స్‌లో ఒకటి, ఒక్కోదానికి నాలుగు రోజులు చదవనివ్వండి. ఏది చదివాక వాడే ఇంకో పేజీ తిప్పాడో మీరు గమనించండి. వాడికి లెక్కలు నచ్చి ఫిజిక్స్, కెమిస్ట్రీ నచ్చకపోతే ఎంఈసీ (లెక్కలు, ఎకనామిక్స్, కామర్స్) ఉందని మర్చిపోకండి. మన దగ్గర చాలామంది తల్లిదండ్రులు ఆ గ్రూపు పేరే ఎత్తరు. ఎంపీసీ చదివినవాళ్ళు తర్వాత బీకాం, సీఏ, లా వైపు మారొచ్చు. సీఈసీ చదివినవాళ్ళకి ఇంజనీరింగ్ దారి ఉండదు. అలాగని తలుపులు తెరిచి ఉంచడం కోసమే ఇష్టం లేని ఫిజిక్స్‌తో రెండేళ్ళు కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో ఉంచడం నాకు సమ్మతం కాదు.

ఈ జవాబు బాబుకి కూడా చదివి వినిపించండి. గాల్టన్ సంగతి మాత్రం రెండుసార్లు.