మళ్ళీ పుట్టడమా, మళ్ళీ లేవడమా?

సందేహం: గురువుగారికి నమస్కారం. మాది హైదరాబాదు. నేను పెళ్ళికి ముందు నుంచీ 'యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘం'లో ఉన్నాను. మార్మన్లంటే ఎక్కువమందికి తెలుస్తుంది. అత్తింటివారు హిందువులు. మామగారు పోయి పది నెలలైంది. ఆరేళ్ళ మా పాప ఇప్పటికీ "తాతయ్య ఏడీ?" అంటుంది. అత్తయ్యగారేమో "చుక్కయ్యాడు, మళ్ళీ మనింట్లోనే పుడతాడు" అంటారు. నేను మా సంఘంలో పిల్లలకి చెప్పే పద్ధతిలో గ్లౌజు చూపించాను. లోపలి చెయ్యి ఆత్మ, పైన గ్లౌజు శరీరం, చెయ్యి తీసేస్తే గ్లౌజు కదలదు కానీ చెయ్యి కదులుతూనే ఉంటుందని చెప్పాను. అంతా విని "మరి తాతయ్యకి కొత్త గ్లౌజు ఎప్పుడు కొంటారు?" అంది. 'పునరుత్థానం' దానికి నోరు తిరగదు, నాకేమో అది 'పునర్జన్మ'లాగే వినిపిస్తుంది. ఈ రెంటికీ తేడా ఏమిటి? పిల్లకి తేలిక మాట ఏది? ఆత్మ, జీవాత్మ, ప్రాణం వీటిలో ఏది వాడాలి? 'ఆత్మలోకం' అంటే దయ్యాలుంటాయా అని భయపడుతోంది. చివరగా, సంవత్సరీకం కార్డు మీద మామగారి పేరుకి ముందు ఏం వెయ్యాలి?

సమాధానం: అమ్మా, మీ పాప అడిగిన గ్లౌజు ప్రశ్నలోనే మీ సందేహమంతా ఉంది. మతం చెప్పడానికి నేను తగను, మాటల సంగతి మాత్రం చెబుతాను.

మీరు చూపించిన గ్లౌజు పాఠాన్ని ప్రసిద్ధం చేసింది మీ సంఘపు అపొస్తలుడు బాయిడ్ కె. ప్యాకర్. 1973 ఏప్రిల్‌లో సాల్ట్ లేక్ సిటీలో జరిగిన సర్వసభ్య సమావేశంలో ఆయన చిన్నపిల్లలనుద్దేశించి అలా వివరించాడు. అమెరికా పిల్లవాడికి అది వెంటనే ఎక్కుతుంది. చలికాలంలో వాడు రోజూ గ్లౌజు వేసుకుంటాడు, తీస్తాడు, మళ్ళీ అదే వేసుకుంటాడు. మన దగ్గర పిల్లలు గ్లౌజుని ఎక్కువగా చూసేది ఆసుపత్రిలో. అక్కడది ఒకసారి వాడి పారేసేది. పైగా మన చెవుల్లో గీతాశ్లోకం ఒకటి మోగుతూ ఉంటుంది. చిరిగిన బట్టలు విడిచి మనిషి కొత్తవి కట్టుకున్నట్టు, ఆత్మ పాత దేహాన్ని విడిచి కొత్తది పొందుతుందనే రెండో అధ్యాయపు శ్లోకం. ఎవరింట్లో ఎవరు పోయినా ఆ పోలిక ఎవరో ఒకరి నోట రానే వస్తుంది. అది వింటూ పెరిగే పిల్ల కొత్త గ్లౌజు అడగక ఏం చేస్తుంది?

మీ నమ్మకంలో కొత్తది లేదు. విడిచిన ఆ గ్లౌజునే చెయ్యి మళ్ళీ తొడుక్కుంటుంది, ఇక విడవదు. మీ సంఘపు పవిత్ర గ్రంథమైన మార్మన్ గ్రంథంలో ఆల్మా అనే ప్రవక్త కొడుక్కి చెప్పే మాటల్లో ఈ సంగతి స్పష్టంగా ఉంది. తలమీది వెంట్రుక కూడా పోకుండా, ప్రతి అవయవం దాని చోటికి వచ్చి, శరీరం లోపంలేని రూపంలో తిరిగొస్తుందని.

కాబట్టి ఈసారి గ్లౌజు పక్కన పెట్టి బట్టలతోనే చెప్పి చూడండి. తెలుగింట్లో 'విడిచిన బట్టలు' అంటే పారేసిన బట్టలు కావు, ఉతకాల్సినవి. సాయంత్రం దండెం మీంచి తీసి, మర్నాడు మళ్ళీ తొడుక్కునేవి. పాప గౌనే చూపించి "ఇది విడిచావు కదా, ఉతికి ఆరేశాక మళ్ళీ ఇదే తొడుక్కుంటావు" అంటే, గ్లౌజు చెప్పలేకపోయింది ఆ గౌను చెబుతుంది. "తాతయ్యని కాల్చేశారుగా!" అని అడగొచ్చు. పిల్లలు అడుగుతారు. ఖననమా దహనమా అన్నది మీ సంఘం కుటుంబానికే వదిలింది. బూడిదైనా మట్టైనా ఆ తిరిగి రావడానికి అడ్డు కాదన్నది మీ నమ్మకం. కనుక తడుముకోకుండా జవాబు చెప్పొచ్చు.

ఇక అసలు మాట. పునః + జన్మ = పునర్జన్మ. పునః + ఉత్థానము = పునరుత్థానము. రెంటికీ ముందు 'పునః' ఉండటం వల్లే అవి అక్కాచెల్లెళ్ళలా వినిపిస్తున్నాయి. 'ఉత్థానం' అంటే పైకి లేవడం. కార్తిక శుద్ధ ఏకాదశిని ఉత్థాన ఏకాదశి అంటాం. చాతుర్మాస్యమంతా యోగనిద్రలో ఉన్న విష్ణువు ఆ రోజు లేస్తాడు. లేస్తాడు, పుట్టడు. పడుకున్నవాడే లేస్తాడు. మీ అత్తగారికి తేడా వివరించాల్సి వస్తే మార్మన్ గ్రంథం తియ్యక్కర్లేదు, ఈ ఏకాదశి చాలు.

వర్ణక్రమం గురించి మీరు అడగలేదు కానీ, ఉత్తరంలో మీరు సరిగ్గా రాశారు గనక సంతోషంతో చెబుతున్నాను. ఉత్ + స్థానం కలిసినప్పుడు సకారం జారిపోయి 'ఉత్థానం' అవుతుంది. దీనికి పాణిని ప్రత్యేకంగా ఒక సూత్రమే చేశాడు. 'త' కింద 'థ' వత్తు తప్పనిసరి. 'పునరుత్తానం' అని రాసేవాళ్ళున్నారు. సంస్కృతంలో 'ఉత్తానం' అంటే వెల్లకిలా పడుకోవడం! ఒక్క వత్తు మారితే లేవాల్సినవాడు మళ్ళీ పడుకుంటాడు. 'పునరుద్ధానం' అని రాసేవాళ్ళు బహుశా 'పునరుద్ధరణ'తో కలిపేసుకుంటున్నారు. అది వేరే మాట, పాత గుడికీ పాత చెరువుకీ చేసేది.

పిల్లకి ఇదంతా ఎందుకు? "తాతయ్య మళ్ళీ పుట్టడు, మళ్ళీ లేస్తాడు" అంటే సరిపోతుంది. ఇంకొక్క మాట చేర్చండి: "తాతయ్యగానే లేస్తాడు." ఆ 'గానే' చాలా పని చేస్తుంది. 'తాతయ్యలా' అన్నారంటే వచ్చేది ఇంకెవరో, పోలిక మాత్రం తాతయ్యది. 'తాతయ్యగా' అంటే ఆయనే. 'తాతయ్యగానే' అంటే ఇంకోలా కాదని ఖాయం చేసినట్టు. 'తిరిగి పుట్టడం' అన్న మాట మాత్రం ఇక్కడ వాడకండి. అది హిందువుల చెవికి పునర్జన్మ, క్రైస్తవుల చెవికి మారుమనస్సు పొందడం. మీ ఇంట్లో రెండు చెవులూ ఉన్నాయి.

'లేస్తాడు' అనగానే "అయితే ఇప్పుడు నిద్రపోతున్నాడా?" అని వస్తుంది. తెలుగు క్రైస్తవులు 'ప్రభువునందు నిద్రించారు' అంటారు, మంచి మాటే. కానీ ఆరేళ్ళ పిల్ల దగ్గర వద్దు. రాత్రి మీరు పడుకోమన్నప్పుడు దానికి తాతయ్య గుర్తొస్తాడు. మీ విశ్వాసానికి కూడా అది సగమే అతుకుతుంది. పడుకున్నది శరీరం, ఆత్మ మేలుకునే ఉంటుందంటారు మీరు. 'ఊరెళ్ళాడు' అసలే వద్దు. మా మామ్మ పోయినప్పుడు నాకు అలాగే చెప్పారు. ఆ వేసవంతా మధ్యాహ్నం బస్సు వచ్చే వేళకి అరుగు మీద కూర్చునేవాణ్ణి. ఎవరూ 'లోపలికి రా' అనలేదు, అది మాత్రం గుర్తుంది.

మరి ఏమనాలి? 'చనిపోయాడు' అనండి, చాలు. ఆ మాట కటువుగా ఉంటుందని చాలామంది జంకుతారు గానీ, దాని లోపలికి చూస్తే మెత్తనిదే. పాత తెలుగులో 'చను' అంటే వెళ్ళు. కావ్యాల్లో 'చనియె' అంటే వెళ్ళాడని, 'చనుదెంచె' అంటే వచ్చాడని. చనిపోవడం అంటే వెళ్ళి పోవడం. 'చావు' అనలేక పెద్దలు కల్పించుకున్న మాట అది. వాడి వాడి అరిగాక దాన్ని కూడా అనలేక 'పోయాడు', 'కన్నుమూశాడు', 'కాలం చేశాడు' వచ్చాయి. 'వెళ్ళాడు' అన్న అర్థం అందులోనే ఉంది గనక ఎక్కడికన్న ప్రశ్న ఎలాగూ వస్తుంది. అక్కడ చిక్కుంది.

'స్వర్గానికి' అనకండి. మీ లెక్క ప్రకారం చనిపోయినవాళ్ళు నేరుగా అక్కడికి వెళ్ళరు, ముందు ఆత్మలోకం. 'పరలోకం' అన్నా ఇబ్బందే. మాటకి అర్థం 'అవతలి లోకం' అయినా, పరలోక ప్రార్థన చదివిన తెలుగు క్రైస్తవుడికి అది దేవుడుండే చోటు. 'పరదైసు' ఉంది, లూకా సువార్తలో సిలువ మీది దొంగకి యేసు మాటిచ్చిన చోటు. ఆత్మలోకంలో విశ్రాంతిగా ఉండే భాగానికి మీవాళ్ళు వాడేదీ అదే. గ్రీకు నుంచి వచ్చింది, ఇంకా వెనక్కి వెళితే పాత ఇరాను భాషల్లో గోడ కట్టిన తోట. పెద్దయ్యాక చెప్పండి, బాగుంటుంది. ఇక 'ఆత్మలోకం' అంటే పాప భయపడటంలో దాని తప్పు లేదు. ఏకవచనంలో 'ఆత్మ' ఉపనిషత్తు, బహువచనంలో 'ఆత్మలు' అర్ధరాత్రి సినిమా. ఆ లోకానికి పేరు పెట్టకుండా "తాతయ్య ఉన్న చోటు" అనండి. 'చోటు' భయపెట్టని మాట. పైగా ఆత్మలోకం ఈ భూమ్మీదే ఉందని మీ రెండో అధ్యక్షుడు బ్రిగమ్ యంగ్ బోధించాడు కదా, 'లోకం' కన్నా 'చోటు' దానికే దగ్గర.

ఆత్మ, జీవాత్మ, ప్రాణం గురించి. మీ గ్రంథాల్లో ఒక విశేషం ఉంది. దేవుడు తెలియజేశాడంటూ చెప్పిన 1832 డిసెంబరు నాటి ప్రకటనలో మీ సంఘ స్థాపకుడు జోసెఫ్ స్మిత్, ఆత్మా శరీరమూ రెండూ కలిసినదాన్నే ఇంగ్లీషువాళ్ళు 'సోల్' అంటారే, ఆ పేరుతో పిలిచాడు. అంటే వాళ్ళకి 'స్పిరిట్' వేరు, 'సోల్' వేరు. తెలుగులో రెంటికీ 'ఆత్మ' అనేస్తే ఆత్మ, శరీరం కలిస్తే ఆత్మ అవుతుందని రాయాల్సి వస్తుంది! తెలుగు బైబిలు ఆదికాండంలో నేలమంటితో చేసిన బొమ్మలోకి జీవవాయువు ఊదితే నరుడు 'జీవాత్మ' అయ్యాడు. మట్టీ ఊపిరీ కలిసిన తరవాతి పేరు గనక మీ అర్థానికి అది సరిపోతుంది. కానీ జీవాత్మ–పరమాత్మ జంట విన్నవాళ్ళకి ఆ మాట శరీరాన్ని వదిలేసిన దాన్నే సూచిస్తుంది, మీకు కావలసిన దానికి సరిగ్గా ఎదురు. 'ప్రాణం' మనకి ఊపిరికి దగ్గర, పోతే పోయిందే, ఎక్కడో కూర్చుని ఉండదు. 'ఆత్మ' అన్నప్పుడు కూడా ఒకటి చూసుకోవాలి. గీత చెప్పే ఆత్మకి రూపం లేదు. మీరు చెప్పే ఆత్మకి మనిషి రూపం ఉంది, అందుకే గ్లౌజుకి వేళ్ళున్నాయి. నన్నడిగితే పిల్ల దగ్గర రెండే మాటలు వాడండి, ఆత్మ, శరీరం. రెండూ కలిస్తే 'మనిషి'. ఆ 'సోల్'కి ఆరేళ్ళ పిల్ల స్థాయిలో ఇంతకన్నా మంచి తెలుగు నాకు తోచలేదు.

మీరు నేరుగా అడగకపోయినా ఉత్తరంలో కనిపించింది ఇంకొకటి. మామగారు మీ సంఘం మనిషి కాదు. పాప పెద్దయ్యాక ఆ ప్రశ్న తప్పదు. జోసెఫ్ స్మిత్ ఇంట్లోనే ఈ బాధ ఉండేది. అన్న ఆల్విన్ 1823లో బాప్తిస్మం లేకుండానే చనిపోయాడు. 1836 జనవరి 21న అమెరికాలోని కర్ట్‌లాండ్ ఊళ్ళో, మీ సంఘపు మందిరంలో కలిగిన దర్శనంలో ఆ అన్న అత్యున్నత మహిమలో కనబడ్డాడని జోసెఫ్ చెప్పాడు. చనిపోయినవాళ్ళకి అక్కడ సువార్త అందుతుందని, బతికున్నవాళ్ళు వాళ్ళ తరఫున మందిరంలో బాప్తిస్మం తీసుకోవచ్చని, ఒప్పుకోవడం మానడం వాళ్ళిష్టమని మీ నమ్మకం. దీనికి వాడే 'మృతుల కొరకు బాప్తిస్మం' అనే మాట వినగానే శవాన్ని నీళ్ళలో ముంచుతారేమోనని నాతో ఒకరన్నారు. 'మృతుల పక్షాన' అంటే ఆ పొరపాటు రాదు. ఉన్నవాళ్ళు ఏదో చేస్తే పోయినవాళ్ళకి అందుతుందన్నది, ఏటా తద్దినం పెట్టే ఇంట్లో వింతగా తోచదనుకుంటాను.

చుక్క సంగతి. కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో సూర్యుడి మహిమ వేరు, చంద్రుడి మహిమ వేరు, నక్షత్రాల మహిమ వేరు అని ఉంది. మీవాళ్ళు దాన్ని ఆధారం చేసుకుని, పునరుత్థానం తరవాత మనుషులు చేరే మూడు మహిమ రాజ్యాలు చెబుతారు. సిలెస్టియల్, టెరెస్ట్రియల్, టిలెస్టియల్. చివరిది జోసెఫ్ స్మిత్‌కి ముందు ఇంగ్లీషు నిఘంటువుల్లో లేని మాట, తెలుగులో వెతికి లాభం లేదు. ఆ లెక్కలో నక్షత్రాలది మూడో స్థానం గనక, అత్తగారు మామగారిని చుక్క చేసేసరికి మీకు మనసులో గుచ్చుకుని ఉంటుంది. ఆవిడకి ఆ లెక్క తెలియదు. ఆవిడ మనసులో ఉన్నది ధ్రువుడు, కదలని చోటు. ఆ చుక్కని అలా ఉండనివ్వండి.

ఇక కార్డు. అది వేయిస్తున్నది ఆవిడ, పోయింది ఆవిడ భర్త. ఆవిడ శివైక్యం అంటే శివైక్యం, కీర్తిశేషులు అంటే కీర్తిశేషులు. ఒకవేళ 'స్వర్గస్థులు' అన్నారంటే మాత్రం అచ్చుకి ఇచ్చేముందు ప్రూఫు మీరే చూడండి. నూటికి తొంభై కార్డుల్లో అది 'స్వర్గస్తులు' అనే పడుతుంది. అక్కడా 'థ' వత్తే.