ఒళ్లు బాగుచేసుకుంటే మనసు అదే కుదుటపడుతుందా? పర్లాకిమిడి నుంచి నా అనుభవం

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. వయసు 34, రాయగడలో ప్రైవేటు ఉద్యోగం, రెండేళ్లలో 72 కిలోల నుంచి 88కి వచ్చావు. రాత్రి మూడింటికి మెలకువ వచ్చేస్తోంది, పగలంతా విసుగు. మొన్న పాప మీద చెయ్యెత్తబోయి ఆగిపోయావు. జిమ్‌లో స్నేహితులేమో పౌడరు తాగమంటున్నారు, సూదులు వేయించుకోమంటున్నారు. "ముందు ఒళ్లు బాగుచేసుకుంటే మనసు అదే కుదుటపడుతుందా అన్నా?" అని అడిగావు.

అలా ఒకటయ్యాక ఒకటి అనుకునే నేను ఏడాదికి పైగా పోగొట్టుకున్నాను. రెండూ ఒకేసారి పట్టుకోవాలి. ఎందుకంటున్నానో నా సంగతి చెప్తే నీకే తెలుస్తుంది.

మాది పర్లాకిమిడి, ఆంధ్ర సరిహద్దును ఆనుకున్న ఒడిశా ఊరు. బజార్లో హార్డ్‌వేర్ కొట్టు. అవతల ఆంధ్రలో మెళియాపుట్టి వైపు నాన్న వేసిన రెండెకరాల జీడితోట ఉండేది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వచ్చింది. వెళ్లి చూసేసరికి చెట్లు వేళ్లతో సహా పడి ఉన్నాయి. జీడిమొక్క వేస్తే నాలుగైదేళ్లకు గానీ కాపు సరిగా అందదు. నాన్న తోట గట్టు మీద చతికిలబడ్డారు, సాయంత్రం దాకా లేవలేదు, ఒక్క మాట మాట్లాడలేదు. మరుసటేడు పోయారు. పదిరోజుల కార్యాల్లోనూ నా కంట నీరు రాలేదు. వచ్చిన చుట్టాలంతా "గట్టోడు" అని మెచ్చుకున్నారు. ఆ మాట నమ్మాను.

తర్వాత తోట అప్పు, కొట్టు అప్పు. పొద్దున్న ఎనిమిది నుంచి రాత్రి తొమ్మిది దాకా కుర్చీలోనే. రాత్రి నిద్ర కోసమని రెండు పెగ్గులు. తాగితే తొందరగా నిద్ర పట్టిన మాట నిజమే గానీ, అర్ధరాత్రి దాటాక ఆ నిద్రను చెడగొట్టేదీ అదే. నీకు మూడింటికి మెలకువ వస్తోందన్నావు. తాగే అలవాటు ఉంటే ముందు అక్కడే చూసుకో.

కొట్టు షట్టరు ఒంటిచేత్తో లేపేవాణ్ణి. ఒకరోజు సగం లేపేసరికి ఆయాసం వచ్చింది, ఎడమ చెయ్యి లాగేసింది, నోరు ఎండిపోయింది. పక్క కొట్టు ఒడియా కుర్రాడు పరుగెత్తుకొచ్చి ఎత్తాడు. గుండె పోటేమోనని ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఈసీజీ మామూలుగానే ఉంది. బీపీ 156/98, నడుము చుట్టుకొలత 102 సెంటీమీటర్లు. మన దేశపు మగవాళ్లకి 90 దాటకూడదట. డాక్టరు గారు ఒడియాలో "నిద్ర పడుతోందా? మనసెలా ఉంది?" అని అడిగారు. "భొలొ అఛి", బాగుంది, అనేశాను.

ఒడియా నాకు బాగానే వచ్చు. రేట్లు, కొలతలు, బాకీలు అన్నీ అందులోనే నడుస్తాయి. కానీ గుండెల మీద బండ పెట్టినట్టుందని ఆ భాషలో చెప్పడానికి నోరు తిరగలేదు. తెలుగులో మాత్రం ఎవరికి చెప్పాను? ఇంట్లో ఆవిడకీ చెప్పలేదు. గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్లోనే ఉండి వాడుక మాట కోసం పోరాడారు. అలాంటి ఊళ్లో పుట్టి పెరిగిన నాకు నా బాధ చెప్పుకోవడానికి ఒక్క వాడుక మాట దొరకలేదు.

ఆ భయంతో జిమ్‌లో చేరాను. కసిగా పరుగెత్తాను. ఆరు వారాల్లో ఐదు కిలోలు తగ్గి, మోకాలు పట్టేసి మానేశాను. తగ్గిన బరువు తిరిగొచ్చింది, దానితోపాటు "నీ వల్ల ఏదీ కాదు" అన్న మాట లోపల గూడు కట్టుకుంది. ఇంట్లో అరుపులు ఎక్కువయ్యాయి. పిల్లలు నేను వస్తే వేరే గదిలోకి పోవడం చూశాను.

పాతపట్నంలో మా అక్క బావ ఉంటారు. ఒకరోజు బావ కొట్టుకొచ్చి నన్ను ఎగాదిగా చూశాడు. "ఏట్రా, మనిషివి ఇలా అయిపోనావేటి? రేపట్నుంచి తెల్లారగట్ల వస్తాను, నడుద్దాం" అన్నాడు. అన్నట్టే ఐదింటికల్లా స్కూటరు హారను. మహేంద్రతనయ గట్టున నడిచేవాళ్లం. మొదటి పది రోజులు వరి రేటు, అక్క మోకాలి నొప్పి, ఇవే కబుర్లు. ఒకరోజు మంచు బాగా కురుస్తోంది. ఏట్లో ఇసుక మీద వరదకి కొట్టుకొచ్చిన మోడు ఒకటి వేళ్లు పైకి పెట్టుకుని పడి ఉంది. దాన్ని చూడగానే "నాన్న ఆరోజు గట్టు మీద..." అన్నాను. ఆ తర్వాత మాట రాలేదు. నాన్న పోయాక మొదటిసారి ఏడ్చాను. బావ నావైపు తిరగలేదు, ఓదార్చలేదు. భుజం మీది తువ్వాలు తీసి నా చేతిలో పెట్టి, నడక కాస్త నెమ్మది చేశాడు. అంతే. ఎదురుగా కూర్చోబెట్టి "నీ బాధేంటి?" అని అడిగుంటే నేను చచ్చినా చెప్పేవాణ్ణి కాదు. పక్కపక్కన నడుస్తున్నప్పుడు ఒకరి మొహం ఒకరు చూడక్కర్లేదు కాబట్టి మాట వచ్చింది.

తిరిగొచ్చేటప్పుడు "డాక్టరు దగ్గరికెల్దాం, నానొస్తాను" అన్నాడు. బరంపురంలో తెలుగు తెలిసిన మానసిక వైద్యుణ్ణి వెతికి పట్టుకున్నాం. మగవాళ్లలో డిప్రెషన్ చాలాసార్లు ఏడుపుగా కనబడదని ఆయన చెప్పారు. కోపం, తాగుడు, ఒళ్లు నొప్పులు, పనిలో మునిగిపోవడం, ఇలా బయటపడుతుందట. అప్పటిదాకా నాది కోపిష్టి గుణమనే అనుకున్నాను. మాత్రలు పనిచేయడం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పట్టొచ్చని, బాగుంది కదా అని సొంతంగా ఆపొద్దని గట్టిగా చెప్పారు. తొమ్మిది నెలలు వాడాను, ఆయనే మెల్లగా తగ్గించి మానిపించారు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వందకి 72 మంది మగవాళ్లే. ఆ అంకె చూసినప్పుడల్లా, వాళ్లలో ఎంతమందిని జనం "గట్టోడు" అని మెచ్చుకుని ఉంటారో అనిపిస్తుంది.

ఇక ఒళ్లు సంగతి. బరువులు ఎత్తే ముందు బీపీ, షుగరు, థైరాయిడ్, బీ12 చూపించుకో. థైరాయిడ్ మందగించినా, బీ12 తగ్గినా నీరసం, దిగులు వస్తాయి. వారానికి 150 నిమిషాల చురుకైన నడక, రెండు రోజులు కండరాలకు పని చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. అంటే రోజుకు అరగంట, వారంలో ఐదు రోజులు. నేను మళ్లీ జిమ్‌కి పోలేదు. కొట్లో ఖాళీ పెయింటు బకెట్లు రెండు తీసుకుని, ఒక్కోదాంట్లో ఐదు లీటర్ల నీళ్లు పోశాను, అంటే ఐదు కిలోలు. వాటిని పట్టుకుని కుర్చీలోంచి లేచి కూర్చోవడం పదిసార్లు. రెండు వారాలకొకసారి ఒక లీటరు పెంచాను. మోకాలు ఈసారి మాట విన్నది.

తిండి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పొద్దున్న చోడంబలి (రాగి అంబలి), మధ్యాహ్నం అన్నం ఒక గరిటె తగ్గించి పప్పు ఒక గరిటె పెంచడం, ఉలవలు, గుడ్లు. పౌడర్ల మాటంటావా, కిలో బరువుకి రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ చాలునని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. కండ పెంచడానికి ప్రొటీన్ పౌడర్లు వాడొద్దని 2024లో ఆ సంస్థే చెప్పింది.

సూదుల దగ్గర మాత్రం అన్నలా అడ్డం పడతాను, వద్దు. ఆ సూదుల్లో ఉండేది టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోను. దాన్ని బయటి నుంచి ఎక్కించుకుంటే ఒంట్లో తయారయ్యేది ఆగిపోతుంది. వీర్యకణాలు పడిపోతాయి. కోపం పెరగొచ్చు. ఆపేశాక దిగులు మరింత లోతుకు లాగుతుంది. ఇప్పుడు నువ్వున్న స్థితిలో అది నిప్పు మీద కిరసనాయిలు. జిమ్‌లో ఎవడు ఎంత మంచివాడైనా ఆ సూది గురించి వాడి మాట వినకు.

పాప విషయం. చెయ్యి ఆపుకున్నావు. ఆ రాత్రే మీ ఆవిడతో "నాకు బాగోలేదు" అని చెప్పి ఉండాల్సింది. ఇప్పుడైనా చెప్పు. ఆ రెండు మాటలు చాలు, కారణాలు తర్వాత. నేను చెప్పినప్పుడు మా ఆవిడ "నాకు ఎప్పుడో తెలుసు, మీరు చెప్తారనే చూస్తున్నాను" అంది.

రాయగడలో తెలుగు తెలిసిన డాక్టరు దొరకకపోతే టెలీ మానస్‌కి ఫోన్ చెయ్యి, నంబరు 14416. మనసు బాగోలేనివాళ్ల కోసం 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ సేవ, డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. బతకడమెందుకు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా వారం ఆగకు, ఆ క్షణమే చెయ్యి, ఇంట్లో చెప్పు, ఒంటరిగా ఉండకు.

ఇప్పుడు నాకు 47. బరువు 81, బీపీ మాత్ర వేసుకుంటే 128/82. ఏటా నాన్న తద్దినం ఉండే నెలలో నిద్ర ఇప్పటికీ చెడుతుంది. అప్పుడు బావకి నేనే ఫోన్ చేస్తాను.

నాగావళి ఒడ్డున నీతో నడవడానికి ఎవరైనా ఉన్నారా? పేరు రాయక్కర్లేదు, ఉన్నారో లేరో చెప్పు. లేకపోతే ఆదివారాలు నేను రైల్లో గుణుపురం దాకా రాగలను, నువ్వు బస్సులో దిగితే వంశధార గట్టున నడుద్దాం.