టీనేజ్ పిల్లలకు సరదాగా చదివే అలవాటు ఎలా చేయాలి?

మన విజయవాడలో తొమ్మిది, పది తరగతుల పిల్లలకు పుస్తకమంటే మార్కులే. ముందు ఆ టెన్షన్ తీసేయండి. చదివాక "ఏం అర్థమైంది, నీతి ఏంటి?" అని అడగొద్దు.

లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల షాపులకు తీసుకెళ్లి, చేతిలో రెండొందలు పెట్టి పక్కకు తప్పుకోండి. క్రికెటర్ జీవితకథ, దెయ్యాల కథలు, కామిక్స్, ఏది తెచ్చుకున్నా సరే. అట్ట చిరిగినా, లోపల ఇంకెవరి పేరో రాసున్నా, తను ఏరుకున్న పుస్తకం మీద మమకారమే వేరు. నచ్చకపోతే సగంలో వదిలేయనివ్వండి. చాలామంది పెద్దలు దీనికి ఒప్పుకోరు గానీ, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే.

తెలుగు చదవడం కష్టమైతే చిన్న కథలతో మొదలుపెట్టి, రాత్రిళ్లు రెండు పేజీలు మీరే పైకి చదివి వినిపించండి. జనవరిలో పుస్తక మహోత్సవానికి మాత్రం స్నేహితులతోనే పంపండి.