బీకాం చదివినవాళ్లు బీపీఎడ్‌లో అనాటమీ, బయోమెకానిక్స్ తట్టుకోగలరా?

బీకాం అయిపోయింది, ఊళ్లో కబడ్డీ బాగా ఆడతాను, పీఈసెట్ (వ్యాయామ విద్య డిగ్రీ అయిన బీపీఎడ్‌కు ప్రవేశ పరీక్ష) రాద్దామంటే "సైన్స్ లేనోళ్లు అనాటమీ, బయోమెకానిక్స్‌లో మునుగుతరు" అని (ఒకటి శరీర నిర్మాణం, ఇంకొకటి ఒంటి కదలికల శాస్త్రం) సీనియర్ ఒకరు భయపెట్టారని మీరు రాశారు. నాదీ ఇంటర్‌లో సీఈసీ, తర్వాత బీఏ. నల్లగొండ జిల్లాలోనే బీపీఎడ్ చేసి ఇప్పుడు బడిలో పీఈటీగా ఉన్నాను. తట్టుకుంటారు. కష్టం ఉంది కానీ, మీ సీనియర్ చూపించిన చోట కాదు.

అనాటమీలో పేర్లు బండెడు ఉంటాయి, నిజమే. మా ల్యాబ్‌లో అస్థిపంజరానికి ఒక చెయ్యి మణికట్టు దాకే ఉండేది. వెన్నులో 33 పూసలు, మెడలో 7, ఛాతీ వెనక 12, నడుములో 5 అని నెల రోజులు బట్టీ పట్టాను. పొద్దున చదివితే సాయంత్రానికి పోయేది. మా అమ్మమ్మ వాళ్లది మర్రిగూడ వైపు. తాత ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన మనిషి. వెనక నుంచి పిలిస్తే మెడ తిప్పలేడు, మనిషి మొత్తం తిరుగుతాడు. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే, ఎందుకని ఎప్పుడూ అడగలేదు. ఒక ఆదివారం పుస్తకం పట్టుకుని ఆయన మంచం మీద కూర్చున్నాను. మెడ అటూ ఇటూ తిరగడంలో దాదాపు సగం పని పైన ఉన్న రెండు పూసలదే: అట్లాస్, యాక్సిస్. ఫ్లోరోసిస్ ముదిరితే పూసలను పట్టి ఉంచే లిగమెంట్లు కూడా ఎముకలాగా గట్టిపడతాయి. "ఏం జూస్తున్నవ్ బిడ్డా?" అన్నాడు. నీ మెడ చదువుతున్నా తాతా అన్నాను. "పాసైతే నాకు గూడ చెప్పు" అని నవ్వాడు. ఆ రోజు నుంచి ఆ రెండు పేర్లు మరిచిపోలేదు.

ఫిజియాలజీ మీకు ఇంకా సులువు. రెయిడ్ 30 సెకన్లు. డిఫెండర్‌ను తాకి మిడ్ లైన్ దాకా దూకే ఆ రెండు మూడు సెకన్లకు కండరంలో అప్పటికే నిల్వ ఉన్న ఏటీపీ, క్రియాటిన్ ఫాస్ఫేట్ (కండరానికి వెంటనే శక్తినిచ్చే పదార్థాలు) సరిపోతాయి. మ్యాచ్ చివర్లో కూడా మళ్లీ మళ్లీ అలా దూకాలంటే మధ్యలో ఆ నిల్వ నిండాలి, దానికి ఆక్సిజన్ కావాలి. మీ ఒంటికి తెలిసిన సంగతే, పుస్తకం పేరు పెడుతుంది అంతే.

నేను దెబ్బతిన్నది లెక్కల దగ్గర. స్పోర్ట్స్ డే ముందు 400 మీటర్ల ట్రాక్‌కు సున్నం వేసే పని మా బ్యాచ్‌కు పడింది. లేన్ వెడల్పు 1.22 మీటర్లు. లోపలి అంచు వ్యాసార్ధం ఎంతైనా, రెండు వంపులు కలిపితే ఒక పూర్తి వృత్తం కాబట్టి 1.22ను 2π తో గుణించి, ఒక్కో లేన్‌కు 7.67 మీటర్ల స్టాగర్ (బయటి లేన్ వాళ్ల స్టార్ట్ గీతను ముందుకు జరిపే దూరం) అని ఉత్సాహంగా మేకులు కొట్టేశాను. సార్ వచ్చి రెండో లేన్ దగ్గర టేపు పెట్టి, "63 సెంటీమీటర్లు ఎవరికి దానం చేశినవ్?" అన్నారు. మొదటి లేన్‌లో పరుగు దారిని లోపలి అంచు నుంచి 30 సెంటీమీటర్ల బయట కొలుస్తారు, అక్కడ ఎత్తైన కర్బ్ (ట్రాక్ లోపలి గట్టు) ఉంటుందని లెక్క. మిగతా లేన్లలో గీత నుంచి 20 సెంటీమీటర్లే. అంటే మొదటి రెండు దారుల మధ్య తేడా 1.22 కాదు, 1.12. స్టాగర్ 7.04. మూడో లేన్ నుంచి మాత్రం ఒక్కో లేన్‌కు 7.67 చొప్పున కలుపుతూ పోవాలి. ఎండలో గీతలన్నీ చెరిపి మళ్లీ వేశాం. సున్నానికి వేళ్లు రెండు రోజులు మండాయి. వైవాలో (నోటి పరీక్షలో) బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ సరిగ్గా ఇదే అడిగారు, అది వేరే కథ.

స్టాటిస్టిక్స్ కూడా అంతే. హార్వర్డ్ స్టెప్ టెస్ట్ చేయిస్తారు: 20 అంగుళాల బల్ల, నిమిషానికి 30 సార్లు, 5 నిమిషాలు ఎక్కి దిగాలి. ఎక్కడం అందరం ఎక్కాం. తర్వాత అందరి పల్స్ రాసుకుని సగటు, స్టాండర్డ్ డీవియేషన్ (సగటు నుంచి అంకెలు ఎంత చెదిరాయో చెప్పే కొలత) తీయమంటే బ్యాచ్‌లో అందరికంటే వేగంగా పరిగెత్తేవాడే క్యాలిక్యులేటర్ కోసం వెతుక్కున్నాడు. మాకు లెక్క చేసిపెట్టింది ఒక బీకాం అమ్మాయి. మీ డిగ్రీ స్టాటిస్టిక్స్ నోట్సు పాత పేపర్ల వాడికి వేయకండి.

రికార్డులు, లెసన్ ప్లాన్లు బోలెడు రాయాలి, విసుగు తప్ప కష్టం కాదు. తెలుగు మీడియం నుంచి వచ్చాం కాబట్టి పదాలు మొదట ఇంగ్లీషులో తికమక పెడతాయి. నేను ఒక చిన్న నోట్‌బుక్‌లో ప్రతి పదం ఎదురుగా మా ఊళ్లో ఏమంటారో రాసుకున్నాను: పటెల్లా అంటే మోకాలి చిప్ప, క్లావికిల్ అంటే జబ్బెముక కాదు, కాలర్ ఎముక. (జబ్బెముక అని రాసి ఇంటర్నల్‌లో మార్కు పోగొట్టుకున్నాను.)

పీఈసెట్‌కు మాత్రం షాట్‌పుట్ ఇప్పుడే మొదలుపెట్టండి. కబడ్డీ కాళ్లతో 100 మీటర్లు లాగేస్తారు, గుండు దగ్గరికి వచ్చేసరికి క్రికెట్ బంతిలా విసురుతారు. అది మెడకు ఆనించి నెట్టాల్సింది.