అమ్మలూ, వింట్ వేశావా?

పర్లాకిమిడి

అమ్మలూ,

పేగు మూలకణాల ల్యాబ్‌లో నీకు పీహెచ్‌డీ సీటొచ్చిందని అమ్మ ఫోన్ చేసింది. వెంటనే రసగుల్లాలు కొనడానికి వెళ్లాను. ఏం విశేషమని కొట్టాయన ఒడియాలో అడిగితే, మా మేనకోడలు పేగులు పెంచబోతోందన్నాను. వింతగా చూశాడు. రాత్రి మాత్రం నాకు నిద్ర పట్టలేదు.

గ్లోవ్స్ వేసుకో. ట్యూబుల మీద తేదీ రాయి. కణాల్ని పట్టి ఉంచే జిగురు మాట్రిజెల్‌ని ఐసులోంచి తీయకు, వెచ్చబడితే గడ్డకట్టేస్తుంది. ఇవి ఎవరైనా చెబుతారు.

నా తప్పు మాత్రం నేనే చెప్పాలి. 2009లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్త హాన్స్ క్లెవర్స్ ల్యాబ్ వాళ్లు చిట్టెలుక చిన్నపేగులోని ఒక్క మూలకణం నుంచి బుల్లి పేగు పెంచారు. ఈజీఎఫ్, నాగిన్, ఆర్-స్పాండిన్ అనే ప్రోటీన్లు సరిపోయాయి. నాగిన్ అంటే పామనుకునేవు, ప్రోటీనే. అదే మీడియాలో, అంటే కణాల్ని పెంచే ద్రవంలో, నేను పెద్దపేగు కణాలు పెట్టాను. మొదటి రోజు ముత్యాల్లా మెరిశాయి. మూడో రోజుకి నల్లబడి పొడిపొడి అయిపోయాయి. ఇంక్యుబేటర్‌ని తిట్టాను, ఎలుకలు తెచ్చే కుర్రాడితో పోట్లాడాను. నాలుగు నెలలు! చివరికి ఒక జూనియర్ మైక్రోస్కోపులోంచి తలెత్తి, "సార్, వింట్ వేశారా?" అన్నాడు. అందరి ముందూ అతన్ని కసిరాను.

అతనిదే నిజం. వింట్ అంటే మూలకణాల్ని విభజించమని చెప్పే ప్రోటీన్. చిన్నపేగులో మూలకణాల పక్కనే పానెత్ కణాలుండి వింట్ అందిస్తాయి. పెద్దపేగులో అవి లేవు. ఒంట్లో అయితే చుట్టూ ఉన్న కణజాలం ఇస్తుంది, దాన్ని నేనే శుభ్రంగా కడిగి పారేశాను. ఆర్-స్పాండిన్ వింట్ గొంతు పెంచుతుందే గాని, అసలు గొంతే లేకపోతే ఏం పెంచుతుంది? వింట్ వేశాక బతికాయి. ఆ అబ్బాయికి ఇప్పటికీ సారీ చెప్పలేదు.

రథయాత్రప్పుడు నువ్వు పెట్టుకున్న గోరింటాకు దసరాకల్లా గోరు కొసకి చేరేది, గుర్తుందా? చిన్నపేగు గోడలో కణాలకి ఆ ప్రయాణం నాలుగైదు రోజుల్లో అయిపోతుంది. అడుగున వింట్ విభజించు అంటుంది, పైన బీఎంపీ అనే ఇంకో ప్రోటీన్ ఇక చాలంటుంది. కొసకి చేరిన కణం రాలిపోతుంది. వింట్‌కి బ్రేకు వేసే ఏపీసీ అనే జన్యువు చెడితే ఆ 'చాలు' వినపడదు. పెద్దపేగు క్యాన్సర్లలో చాలావరకు ఆ బ్రేకే పోతుంది. తాతయ్యకీ అదే జరిగిందేమో, ఎవరూ చూడలేదు. బరంపురం తీసుకెళ్లేసరికే ఆలస్యమైంది. నువ్వు ఈ పని ఎంచుకున్నావనగానే నాకు ఆయనే గుర్తొచ్చాడు, అందుకే ఇంత నస.

అన్నం తిన్నాకే మీడియా మార్చు. పది దాటితే మెసేజ్ పెట్టు, మేలుకునే ఉంటాను. రథయాత్రకి వచ్చేటప్పుడు నీ బుల్లి పేగుల ఫోటోలు పెద్దవిగా ప్రింటు తీయించి తీసుకురా. ఫోన్లో నా కళ్లకి ఆనవు.

మావయ్య